టర్బో పెట్రోల్ కారుకు పికప్ కావాలి, పొగ పరీక్షలోనూ నిజాయితీగా నెగ్గాలి. రెండూ కుదురుతాయా?

పరకాల రోడ్డు (హన్మకొండ)
2025 నవంబరు 23, ఉదయం

అందరికీ నమస్కారం. నాది 2021 మోడల్ కారు. ఒక లీటరు, మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, బీఎస్ 6 (ప్రభుత్వ ఉద్గార ప్రమాణం). కంపెనీ లెక్క ప్రకారం 120 హార్స్‌పవర్, 172 న్యూటన్ మీటర్ల టార్క్. ఇప్పటికి 61,000 కిలోమీటర్లు తిరిగింది. వారంటీ ముగిసింది.

ఉండేది హన్మకొండలో, ఉద్యోగం భూపాలపల్లిలో. వారానికి ఐదు రోజులు గూడెప్పాడ్ దగ్గర ములుగు రోడ్డు వదిలి పరకాల, రేగొండ మీదుగా వెళ్లి వస్తాను. ఆ దారి తెలిసినవారికి నా బాధ విడమరచి చెప్పనక్కర్లేదు. ముందు ఇసుక లారీ, దాని ముందు బొగ్గు లారీ, దాని ముందు పత్తి నింపుకున్న ట్రాక్టరు. గంటకు 45, 50 కిలోమీటర్ల వేగంతో వాటి వెనక సాగుతూ, ఎదురుగా కాస్త ఖాళీ దొరికినప్పుడు దాటాలి. కొన్న కొత్తలో మూడో గేరులో యాక్సిలరేటర్ తొక్కగానే ఈ కారు ముందుకు దూకేది. ఇప్పుడు తొక్కి ఎదురుచూడాల్సి వస్తోంది. పోయిన నెల రేగొండ దాటాక ఒక లారీని సగం దాటాను, ఎదురుగా ఆర్టీసీ బస్సు కనిపించింది, బ్రేకు తొక్కి మళ్లీ లారీ వెనక్కే చేరాను. పక్కన మా ఆవిడ ఉంది. ఇంటికి చేరేదాకా ఆమె నోరు విప్పలేదు.

తెలిసినవారి ద్వారా ఒక ట్యూనర్ పరిచయమయ్యాడు. నెలకోసారి వరంగల్ వచ్చి కార్లకు రీమ్యాప్ (ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్పు) చేస్తాడట. 32,000 రూపాయలు ఇస్తే 145 హార్స్‌పవర్ చేసి ఇస్తానన్నాడు. అయితే సైలెన్సర్ లైనులో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్) తీసేసి ఆ చోట ఖాళీ పైపు వేయాలట. చెక్ ఇంజన్ లైటు వెలగకుండా సాఫ్ట్‌వేర్‌లోనే ఆపేస్తాడట. ‘పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి నాకు వదిలేయండి’ అన్నాడు. ఆ చివరి మాటే నాకు మింగుడుపడలేదు. నాకు కాగితం ఒక్కటే ఉంటే చాలదు. సైలెన్సర్‌లో గొట్టం పెట్టినప్పుడు తెర మీద వచ్చే అంకె సరిగ్గా ఉండాలి.

క్యాట్ ఉంచుకుని, ఉద్గారాల పరిమితి దాటకుండా, ఓవర్‌టేక్‌కు పనికొచ్చేంత పికప్ తెచ్చుకోవడానికి దారి ఉందా? చేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.


కాజీపేట టర్బో
2025 నవంబరు 23, రాత్రి

అన్నా, ఆ పని నేను చేశాను. అందుకే రాస్తున్నాను.

రెండేళ్ల క్రితం నా కారుకు క్యాట్ తీయించాను, రీమ్యాప్ చేయించాను. పికప్ పెరిగిన మాట నిజం. మొదటి వారం మహా సంబరంగా తిరిగాను. ఆ తరువాత మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సంగతి మొదలైంది. పొద్దున్నే కారు స్టార్ట్ చేస్తే ముక్కు, కళ్లు మండే వాసన. ఏ కారుకైనా స్టార్ట్ చేసిన తొలి నిమిషంలో కొంత వాసన మామూలేనని సరిపెట్టుకున్నాను. కానీ నా కారుకు అది పోయేదే కాదు. మా సెల్లార్‌లో లిఫ్టు పక్కనున్న చిన్న గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. ఇద్దరు పిల్లలు. నా కారు నిలిపే చోటుకు, వాళ్ల గుమ్మానికి మధ్య పది అడుగుల దూరం కూడా లేదు. ఒకరోజు వాచ్‌మన్ భార్య వచ్చి, ‘సార్, మీ బండి తీసేటప్పుడు పిల్లలకు దగ్గు వస్తోంది, కొంచెం బయటకు తీసుకెళ్లి స్టార్ట్ చేస్తారా’ అని అడిగింది. స్టార్ట్ చేయకుండా బయటకు ఎలా తీసుకెళ్తాను? ఆమెకు జవాబు చెప్పలేకపోయాను.

ఆ వారమే పొల్యూషన్ పరీక్షకు వెళ్లాను. ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే నడుస్తున్నప్పుడు) కార్బన్ మోనాక్సైడ్ 0.7 శాతం, హైడ్రోకార్బన్లు (కాలని పెట్రోలు ఆవిరి) 260 పీపీఎం, అంటే పది లక్షల్లో 260 వంతులు వచ్చాయి. నా కారుకు పరిమితి 0.3 శాతం, 200 పీపీఎం. పరీక్ష చేసే అబ్బాయి మొహమాటపడుతూ, ఇంకో కారు పెట్టి కాగితం తీసుకోవచ్చని అన్నాడు. నేను వద్దన్నాను.

పాత క్యాట్ ట్యూనర్ దగ్గరే ఉండిపోయింది. అడిగితే అమ్మేశానన్నాడు. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి కాబట్టి దానికి మంచి ధర పలుకుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. కొత్త ఒరిజినల్ క్యాట్‌కు, బిగింపుకు కలిపి పికప్ కోసం పెట్టినదానికంటే ఎక్కువే ఖర్చయింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. మీరు ఆ మొదటి అడుగే వేయవద్దు.


షెడ్డు 1998 (హన్మకొండ)
2025 నవంబరు 24

సార్, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు 145 గురించి అడిగారు. నేను ముందు మీ 120 ఎక్కడికి పోయిందని అడుగుతాను. ‘కొన్న కొత్తలో దూకేది, ఇప్పుడు లేదు’ అని మీరే రాశారు. పోయినదాన్ని వెతక్కుండా దాని మీద రీమ్యాప్ వేయిస్తే, చిల్లు ఉన్న కుండలో ఇంకాస్త నీళ్లు ఎక్కువ పోసినట్టే.

నేను 1998 నుంచి షెడ్డు నడుపుతున్నాను. టర్బో పెట్రోల్ కార్లు వచ్చాక పొగలోని వాయువులు కొలిచే ఓ గ్యాస్ అనలైజర్ కూడా కొనుక్కున్నాను. పొల్యూషన్ సర్టిఫికెట్లు ఇచ్చే పని నాది కాదు. నేను చేసిన రిపేరు నిజమో కాదో నాకే తెలియాలని పెట్టుకున్నాను.

ఇప్పుడు మన దగ్గర పత్తి కాలం. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే బండ్ల నుంచి రోడ్డు పొడవునా పత్తి రాలుతుంది. దానికి తోడు ఊళ్ల దగ్గర రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, ఆ పొట్టు లేస్తుంది. మీరు నాలుగేళ్లుగా రోజూ ఆ లారీల వెనకే ఉన్నారు. ఆ పత్తి, ఆ పొట్టు ఎక్కడికి పోతాయి? మీ ముందు బంపర్‌లోంచి నేరుగా లోపలికి. దీపావళి తరువాత ఇలాంటి కారే ఒకటి వచ్చింది, ఇదే ఫిర్యాదు. బంపర్ విప్పి, ఏసీ కండెన్సర్‌కూ ఇంటర్‌కూలర్‌కూ మధ్య టార్చి వేసి చూపించాను. రెక్కల మధ్య దూది, పొట్టు, పురుగుల రెక్కలు, కొంచెం గ్రీజు కలిసి నల్లటి కంబళిలా అల్లుకుపోయాయి. చిమటాతో అంచు పట్టి లాగితే అరచేతి వెడల్పు ముక్క ఒక్కటిగా ఊడివచ్చింది. ఆ కారు యజమాని దాన్ని కాగితంలో చుట్టి ఇంటికి తీసుకెళ్లాడు, భార్యకు చూపించాలని.

ఇంటర్‌కూలర్ మూసుకుపోతే ఏమవుతుందో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. టర్బో గాలిని నొక్కి పంపుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడిని ఇంటర్‌కూలర్ తీసేయాలి. తీయకపోతే వేడి గాలి పలుచన, సిలిండర్‌లోకి ఆక్సిజన్ తక్కువ వెళ్తుంది. అంతటితో ఆగదు. వేడి గాలితో నాకింగ్ (ఇంధనం సమయం తప్పి దానంతటదే అంటుకోవడం) వస్తుంది. నాక్ సెన్సార్ దాన్ని విని, స్పార్క్ ఆలస్యంగా ఇమ్మని ఈసీయూకు, అంటే ఇంజన్ కంప్యూటర్‌కు చెప్తుంది. స్పార్క్ ఆలస్యమైతే మంట పిస్టన్‌ను నెట్టడం తగ్గి, ఆ వేడంతా ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. టర్బో చక్రం, క్యాట్ కాలిపోకుండా ఉండాలని ఈసీయూ అప్పుడు పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఆ పెట్రోలుతోనే చల్లార్చడానికి. పెట్రోలు ఎక్కువైతే కాలడానికి గాలి చాలదు, కార్బన్ మోనాక్సైడ్ ఎగబాకుతుంది. చూశారా, పికప్ పోవడం, మైలేజీ పోవడం, పొగ పెరగడం మూడూ ఒకే చోట మొదలయ్యాయి. గాలిని చల్లబరిస్తే మూడూ ఒకేసారి సర్దుకుంటాయి. ట్యూనింగ్‌లో పవరుకూ పొగకూ ఎప్పుడూ పోటీ అనుకోవడం తప్పు. కొంత దూరం దాకా అవి రెండూ ఒకే దారిలో నడుస్తాయి. ఆ కొంత దూరాన్ని వదిలేసి అందరూ చివరి పది హార్స్‌పవర్ కోసం కొట్లాడతారు.

ఇక క్యాట్ గురించి. అందులో తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మె ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలని పెట్రోలు ఆవిరిని, నైట్రోజన్ ఆక్సైడ్లను మూడింటినీ అదే సరిచేయాలి. గాలి, పెట్రోలు నిష్పత్తి సరిగ్గా కాలడానికి ఎంత కావాలో అంతే ఉంటేనే మూడూ కుదురుతాయి. మామూలు పెట్రోలుకు అది 14.7కు 1. లాంబ్డా 1 అంటే అదే. పెట్రోలు ఎక్కువైతే కార్బన్ మోనాక్సైడ్ తప్పించుకుంటుంది, గాలి ఎక్కువైతే నైట్రోజన్ ఆక్సైడ్లు తప్పించుకుంటాయి. అందుకే ముందొక సెన్సార్, వెనకొక సెన్సార్ పెట్టి ఈసీయూ కాపలా కాస్తుంది. ట్యూనర్ ఆపేస్తానన్నది ఆ వెనక కాపలాదారునే. తరువాత ఎప్పుడైనా ప్లగ్గు పాడై మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు అంటుకోకపోవడం) వచ్చినా మీకు లైటు వెలుగుతుందో లేదో చెప్పలేం, ఎందుకంటే కొందరు ఆ హెచ్చరికలన్నీ గంపగుత్తగా మూసేస్తారు. మిస్‌ఫైర్‌తో నడిచిన ఒక కారు క్యాట్‌ను కోసి చూశాను. తేనెపట్టు గదులు ముందువైపు కరిగి, గాజులా మెరిసే గడ్డ కట్టాయి. కాలని పెట్రోలు ఇంజన్ వదిలి అక్కడికి వచ్చి కాలింది.

క్యాట్ తీస్తే టర్బో కారుకు తేడా రాదని అబద్ధం చెప్పను. వస్తుంది. ఎగ్జాస్ట్ తేలిగ్గా పోతుంది, టర్బో త్వరగా తిరుగుతుంది. కానీ మీకు కావలసింది అది కాదు. లెక్క వేసి చూడండి. టార్క్‌ను ఇంజన్ వేగంతో గుణించి 7,024తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. 172 న్యూటన్ మీటర్లు, 4,000 ఆర్పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) అంటే 98. లారీని దాటేటప్పుడు మీరు 2,500 నుంచి 4,500 మధ్యలో ఉంటారు. అక్కడ టార్క్ 195 ఉంటే 4,000 దగ్గర 111 వస్తుంది. 145 అనే అంకె 5,500, 6,000 దగ్గర కనిపించేది. పరకాల రోడ్డులో ఆ ఆర్పీఎం దాకా వెళ్లే ముందే లారీ వెనకబడి ఉండాలి.

పొల్యూషన్ పరీక్షలో మీ కారుకు చూసేవి ఇవి: ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం మించకూడదు. సుమారు 2,500 ఆర్పీఎం దగ్గర కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం మించకూడదు, లాంబ్డా 0.97, 1.03 మధ్య ఉండాలి. నిలబెట్టిన కారుకు చేసే పరీక్ష ఇది. ఫుల్ లోడ్‌లో, అంటే రోడ్డు మీద పూర్తిగా తొక్కినప్పుడు ఎంత పెట్రోలు పోస్తోందో దీనికి కనబడదు. కాబట్టి ఈ పరీక్షలో నెగ్గి కూడా రోడ్డు మీద చెడ్డ పొగ వదిలే రీమ్యాప్‌లు ఉన్నాయి. కంపెనీలు పడే పరీక్ష చాలా కఠినమైంది. బీఎస్ 6 పెట్రోల్ కారు కిలోమీటరుకు 1 గ్రాము కార్బన్ మోనాక్సైడ్, 0.06 గ్రాము నైట్రోజన్ ఆక్సైడ్లు మించకూడదు. 2023 ఏప్రిల్ నుంచి రోడ్డు మీద నడిపించి కూడా కొలుస్తున్నారు. మీరు నిజాయితీ అంటున్నారు కాబట్టి ఈ తేడా మీకు తెలియాలి.

మీరు చేయాల్సింది చెప్తాను. ముందు ఓబీడీ స్కానర్‌తో (ఈసీయూలోని లెక్కలు చూపే పరికరం) మూడో గేరులో 50 నుంచి 90 దాకా ఎన్ని సెకన్లు పడుతోందో, లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత ఎంతో, ఈసీయూ కోరిన బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) ఎంత, వచ్చిన బూస్ట్ ఎంతో రాసుకోండి. పక్కన ఒకరిని కూర్చోబెట్టండి, నడిపేవారు తెర చూడకూడదు, రోడ్డు ఖాళీగా ఉండాలి. తరువాత నా దగ్గరికైనా, మరొకరి దగ్గరికైనా వెళ్లి ఇంటర్‌కూలర్ శుభ్రం చేయించండి. గాలి వెనకవైపు నుంచి, తక్కువ ఒత్తిడితో కొట్టాలి. ముందు నుంచి గట్టిగా కొడితే దూది ఇంకా లోపలికి దిగుతుంది, రెక్కలు వంగుతాయి. హోస్ పైపులకు సబ్బు నీళ్లు రాసి, లోపల కొద్దిగా గాలి నింపి బుడగలు వస్తాయేమో చూడాలి. 61,000 అంటున్నారు, ప్లగ్గులు ఎప్పుడు మార్చారు?

ఈ పనులన్నీ అయ్యాక కూడా చాలకపోతే అప్పుడు రీమ్యాప్ గురించి మాట్లాడుకుందాం.


పరకాల రోడ్డు
2025 నవంబరు 24

అన్నగారు, ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. ప్లగ్గులు ఒక్కసారి కూడా మార్చలేదు. సర్వీసులో మార్చారేమో అనుకున్నాను, బిల్లులు తీసి చూస్తే లేదు. ఈ ఆదివారం మీ దగ్గరికి వస్తాను. రీమ్యాప్ గురించి కూడా మీ అభిప్రాయం ఇప్పుడే చెప్తే బాగుంటుంది. ఆ ట్యూనర్ రోజూ ఫోను చేస్తున్నాడు.


షెడ్డు 1998 (హన్మకొండ)
2025 నవంబరు 24

అతన్ని మూడు విషయాలు అడగండి. మొదటిది, ఆ రీమ్యాప్ ఫైలు ఏ పెట్రోలుకు రాసింది? ఇప్పుడు మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ నాకింగ్‌ను ఆపుతుంది, గాలిని చల్లబరుస్తుంది, అది మేలే. కానీ దానికి గాలి తక్కువ చాలు, ఇంధనం ఎక్కువ కావాలి. సరిగ్గా కాలే నిష్పత్తి 14.7 నుంచి సుమారు 13.5కు దిగుతుంది. అంటే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఇప్పటికే ఎక్కువ పని చేస్తున్నాయి. ఇంకో దేశపు పెట్రోలుకు రాసిన ఫైలు తెచ్చి బూస్ట్ పెంచితే మొదట చేతులెత్తేసేవి అవే.

రెండోది, 1,500 ఆర్పీఎం దగ్గర టార్క్ ఎంత పెడతాడు? ఎక్కువ అంటే వద్దనండి. చిన్న టర్బో ఇంజన్‌ను తక్కువ వేగంలో అంత గట్టిగా తొక్కితే స్పార్క్ రాకముందే ఇంధనం అంటుకునే ప్రమాదం ఉంది. ఒక్క దెబ్బకు పిస్టన్ మీద రింగులు కూర్చునే గట్టు విరిగిపోవచ్చు.

మూడోది, ఎగ్జాస్ట్ వేడిని కాపాడే లెక్కలు, క్యాట్ సెన్సార్, మిస్‌ఫైర్ హెచ్చరికలు అన్నీ కంపెనీ పెట్టినట్టే ఉంచి, పని అయ్యాక ఫుల్ లోడ్‌లో లాంబ్డా లాగ్ (నడుపుతూ నమోదు చేసిన అంకెలు) చేతికి ఇస్తాడా? ఇవ్వనంటే మాట అక్కడితో ఆపేయండి.


సర్వే నోటు (కరీంనగర్)
2025 నవంబరు 25

నేను వాహన బీమా క్లెయిములు పరిశీలించే పనిలో ఉన్నాను. చట్టం వైపు ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. 190వ సెక్షన్‌లో శబ్దం, గాలి కాలుష్యం ప్రమాణాలు ఉల్లంఘించి బహిరంగ ప్రదేశంలో బండి నడిపితే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించవచ్చు. లైసెన్సు మూడు నెలలు చెల్లకుండా పోతుంది. క్యాట్ తీసేయడం నేరుగా దీని కిందికి వస్తుంది.

రీమ్యాప్ విషయం ఇంత సూటిగా ఉండదు. బయటి నుంచి కనబడదు, ఆర్‌సీలో మారే అంకె ఉండదు. అందుకే చాలామంది ఫరవాలేదనుకుంటారు. కానీ మీ కారు మోడల్‌కు అనుమతి వచ్చింది ఒక నిర్దిష్టమైన ఇంజన్ సాఫ్ట్‌వేర్‌తో చేసిన పరీక్షల మీద. అది మారితే ఆ పరీక్ష ఫలితం మీ కారుకు వర్తిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు పెద్ద ప్రమాదం జరిగినప్పుడు బయటపడితే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. అలాంటి ఇళ్లకు నేను కాగితాలు పట్టుకుని వెళ్లాను. మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో కూర్చుని, కారులో ఏమేమి మార్పించారని అడగడం ఎంత కష్టమో చెప్పలేను. చేయించాలనుకుంటే ముందు బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, వాళ్ల జవాబు కూడా రాతలోనే తీసుకోండి.


హుజూరాబాద్ డీజిల్
2025 నవంబరు 25

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నాది 2018 టర్బో డీజిల్, బీఎస్ 4. పికప్ కోసం ఈజీఆర్‌కు (ఎగ్జాస్ట్‌లో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే భాగం) రేకు అడ్డం పెట్టించాను. తొక్కినప్పుడు నల్ల పొగ వస్తోంది. రేకు వల్లనేనా?


షెడ్డు 1998 (హన్మకొండ)
2025 నవంబరు 25

నల్ల పొగకు ఈజీఆర్ మూసేయడం కారణం కాదు. అది మూస్తే పెరిగేది నైట్రోజన్ ఆక్సైడ్లు, అవి కంటికి కనబడవు. నల్ల పొగ అంటే డీజిల్‌కు తగిన గాలి అందడం లేదు. టర్బో హోస్ చీలిందేమో, ఎయిర్ ఫిల్టరు మూసుకుందేమో, ఇంజెక్టరు కారుతోందేమో చూడండి. మీ కారుకు తొక్కి వదిలే పరీక్షలో పొగ చిక్కదనం పరిమితి మీటరుకు 1.62, పాత కొలతలో 50. ఆ రేకు మాత్రం తీసేయండి. కనబడకపోయినా ఆ వాయువు ఊపిరితిత్తులకు మంచిది కాదు, దాన్ని తగ్గించడానికే ఈజీఆర్ పెట్టారు.


పరకాల రోడ్డు
2025 డిసెంబరు 14

ఆలస్యంగా రాస్తున్నాను. రెండు వారాలు నడిపి చూసి చెప్దామని ఆగాను.

పని మొదలుపెట్టే ముందు, మా బావమరిదిని పక్కన కూర్చోబెట్టి లాగ్ తీశాను. మధ్యాహ్నం, బయట 30 డిగ్రీలు. మూడో గేరులో 50 నుంచి 90కి 7.8 సెకన్లు. లోపలికి వెళ్లే గాలి 58 డిగ్రీలు. ఈసీయూ 1 బార్ బూస్ట్ కోరితే 0.75 దగ్గరే ఆగిపోతోంది.

ఆదివారం అన్నగారి షెడ్డుకు వెళ్లాను. బంపర్ విప్పాక టార్చి నా చేతికే ఇచ్చారు. ఆయన రాసినట్టే ఉంది. ఇంటర్‌కూలర్ కింది సగం పూర్తిగా దూదితో మూసుకుపోయి, పై సగంలోంచి మాత్రమే వెలుతురు కనబడింది. నా కారులో అదనంగా మిరపకాయ తొడిమలు కూడా దొరికాయి. తరువాత సబ్బు నీళ్ల పరీక్ష. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు వెళ్లే హోస్ చివర క్లాంపు దగ్గర చిన్న చిన్న బుడగలు పేరుకుంటూ, కాసేపటికి నురగ కట్టాయి. వేలితో క్లాంపు కదిపితే తిరిగింది. అక్కడ కారిన గాలిని పూడ్చడానికి టర్బో ఇన్నాళ్లూ ఎక్కువ తిరుగుతోందని, ఆ తిరుగుడుకు గాలి ఇంకా వేడెక్కుతోందని ఆయన చెప్పారు. పాత ప్లగ్గులు పక్కపక్కనే పెట్టి ఫీలర్ గేజ్‌తో కొలిచి చూపించారు. మూడింటిలోనూ ఖాళీ ఉండాల్సినదానికంటే బాగా పెరిగింది.

ఇంటర్‌కూలర్ శుభ్రం చేశారు. క్లాంపు, ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు మార్చారు. అన్నీ కలిపి 5,400 రూపాయలు అయ్యాయి.

మళ్లీ అదే దారిలో, అదే సమయానికి లాగ్ తీశాను. ఆ రోజూ 30 డిగ్రీలే. గాలి 43 డిగ్రీలు. బూస్ట్ కోరినంతా వస్తోంది. 50 నుంచి 90కి 6.3 సెకన్లు. ఒకసారి పొరబడ్డానేమోనని నాలుగుసార్లు చూశాం, 6.2కు, 6.5కు మధ్యనే ఉంది.

తరువాత అనలైజర్. గొట్టం సైలెన్సర్‌లోకి దూర్చి, ఇంజన్ వేడెక్కేదాకా ఆగి, తెర ముందు నిలబడ్డాం. పని చేయకముందు ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.11, హైడ్రోకార్బన్లు 64 ఉన్నాయి. పని అయ్యాక అంకెలు కాసేపు ఊగిసలాడి 0.02 దగ్గర, 17 దగ్గర నిలిచాయి. 2,500 ఆర్పీఎం దగ్గర 0.01, లాంబ్డా 1.003. నేను ఫోనులో ఫొటో తీసుకున్నాను.

నిన్న రేగొండ దాటాక మళ్లీ అదే మలుపు తరువాత ఒక లారీ వెనక పడ్డాం. ఖాళీ చూసి తొక్కాను. దాటేసి మా లేనులోకి వచ్చాక కూడా ఎదురు బండికి చాలా దూరం మిగిలింది. మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ తన మాటలు తాను చెప్పుకుంటూనే ఉంది, ఓవర్‌టేక్ చేసిన సంగతే గమనించలేదు.

ట్యూనర్‌కు ఫోను చేసి వద్దని చెప్పాను. అన్నగారు చెప్పిన మూడు ప్రశ్నలూ అడిగాను. మొదటిదానికి జవాబు దాటవేశాడు, మూడోదానికి లాగులు ఇచ్చే అలవాటు లేదన్నాడు. సర్వే నోటు గారు రాసింది చదివాక ఎలాగూ నాకు మనసొప్పలేదు. ఇప్పుడున్న పికప్ నా దారికి సరిపోతుంది. ఒక్క అనుమానం మిగిలింది. ఇదంతా చలికాలం అంకెలు. ఎండాకాలం 45 డిగ్రీల్లో ఇది నిలబడుతుందా?


షెడ్డు 1998 (హన్మకొండ)
2025 డిసెంబరు 15

మంచి పని చేశారు సార్. ఎండాకాలంలో కొంత తగ్గుతుంది, అది తప్పదు. 30 నుంచి 45కు వెళ్తే గాలి పలచబడటం వల్లనే సుమారు 5 శాతం పోతుంది. నాకింగ్ వల్ల ఇంకొంత పోకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది. పత్తి కాలం అయ్యాక ఫిబ్రవరిలో ఒకసారి, కోతలు అయ్యాక మే నెల మొదట్లో ఒకసారి బంపర్ జాలిలోంచి టార్చి వేసి చూడండి. కింది సగంలో వెలుతురు కనబడకపోతే తీసుకురండి. మే నెలలో మధ్యాహ్నం మూడు గంటలకు ఇదే దారిలో లాగ్ తీసి ఇక్కడ పెట్టండి. అప్పటికీ గాలి 70 డిగ్రీలు దాటుతుంటే ఇంటర్‌కూలర్‌కు గాలి సరిగ్గా తగిలేలా పక్కన ఉన్న సందులు మూసే పని చేద్దాం. బంపర్ లోపలి ప్లాస్టిక్ గైడు మీ కారుకు ఒక వైపు విరిగి ఉంది, నేను చూశాను. ఆ ముక్క తెప్పించి పెడతాను.